పారీ ఎల్‌సీ స్ప్రింట్ నెబ్యులైజర్: సీఎఫ్ ఉన్న పాపకి రోజూ రెండు పూటలా వాడుతూ రాసిన రివ్యూ

జలుబు చేసినప్పుడు నాలుగు రోజులు పిల్లలకి మందు పీల్పించడానికి నెబ్యులైజర్ వెతుకుతున్నవాళ్లకి ఇంత రివ్యూ అక్కర్లేదు. వీధి చివర మందుల షాపులో దొరికేది చాలు. నేను రాస్తున్నది ఇంకో రకం ఇళ్లకోసం. మా పాపకి ఏడేళ్లు. సిస్టిక్ ఫైబ్రోసిస్ (సీఎఫ్) ఉంది. పండగైనా, పెళ్లయినా, పరీక్షలైనా పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి నెబ్యులైజర్ పెట్టాల్సిందే. పిల్ల హుషారుగా గెంతుతున్న రోజు కూడా పెట్టాలి. అసలు ఆ హుషారు ఉండేదే రోజూ పెట్టడం వల్ల. కొనే ముందు ఈ సామాను గురించి తెలుగులో ఎవరైనా రాశారేమోనని వెతికితే నాకేమీ దొరకలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కొత్తగా ఈ పేరు విన్నవాళ్లకి నాలుగు ముక్కలు చెబుతాను. మన ఒంట్లో 7వ క్రోమోజోము మీద సీఎఫ్‌టీఆర్ అనే జన్యువు ఉంటుంది. 1989లో దాన్ని కనిపెట్టారు. కణాల్లోంచి ఉప్పు, నీరు సరిగా అటూ ఇటూ వెళ్లేలా చూసే ప్రోటీన్‌ని తయారుచేసేది అదే. అది పనిచేయకపోతే ఊపిరితిత్తుల్లో పల్చగా జారిపోవాల్సిన తెమడ బంకలాగా గట్టిపడి అక్కడే ఉండిపోతుంది. అందులో సూక్ష్మక్రిములు కాపురం పెడతాయి. క్లోమం నుంచి రావాల్సిన ఎంజైములు పేగుల్లోకి రావు, తిన్న నెయ్యీ నూనే ఒంటికి పట్టకుండా జిడ్డుగా విరేచనంలో పోతాయి. చెమటలో ఉప్పు మాత్రం ఎక్కువగా పోతుంది.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ఆ జన్యువు పాడైన ప్రతులు రెండూ కలిస్తేనే ఈ జబ్బు వస్తుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ పాడైన ప్రతి ఒకటి మోస్తున్నవాళ్లయితే ప్రతి కాన్పులోనూ నూటికి 25 పాళ్లు అవకాశం. మాది మేనరికం, మా అత్తయ్య మా నాన్నకి సొంత చెల్లెలు. ఒకే ఇంటి రక్తం కాబట్టి ఇద్దరి దగ్గరా అదే పాడైన ప్రతి ఉండే అవకాశం ఎక్కువ. ఈ మాట తెలిశాక బంధువుల్లో ఒకరిద్దరు నా వంక చూసిన చూపు నాకు గుర్తుంది. డాక్టరుగారు మా ఆయన్నీ నన్నూ అత్తయ్యనీ కూర్చోబెట్టి, కాగితం మీద గీతలు గీసి చెప్పాక ఇంట్లో ఆ ప్రస్తావన ఆగిపోయింది. మేనరికం చేసుకోని ఇళ్లలో కూడా ఈ పిల్లలు పుడుతున్నారు. సంబంధాల విషయం ఎలా ఉన్నా, కన్నవాళ్లని తప్పుపట్టడం వల్ల పిల్లకి ఒక్క ఊపిరి కూడా తేలికపడదు.

జబ్బు బయటపడేసరికి చాలా ఆలస్యమైంది. పాలు తాగే వయసు నుంచే మాటిమాటికీ నెమ్ము చేసేది. ఎంత తిన్నా బరువు పెరిగేది కాదు, ఇంకా ఇంకా ఆకలనేది. ఒకచోట ఆస్తమా అన్నారు, ఇంకొకచోట క్షయ అని మందులు మొదలుపెట్టారు. మా ఒంగోలు ఎండలు తెలుసు కదా, ఒక మే నెలలో పిల్ల వాంతులూ విరేచనాలూ పెద్దగా లేకుండానే వాలిపోయింది. రక్తపరీక్షలో సోడియం, పొటాషియం, క్లోరైడు మూడూ పడిపోయి ఉన్నాయి. అప్పుడు చూసిన పిల్లల డాక్టరుగారు అడిగారు, "అమ్మా, పాపని ముద్దు పెట్టుకుంటే ఉప్పగా తగులుతుందా?" అని. నాకంటే ముందు మా అత్తయ్య అంది, "ఔను నాయనా, పుట్టినప్పటి నుంచీ అంతే. ఒక్కోసారి నుదురు మీద తెల్లగా పొడి కూడా కనపడుద్ది." ఆ ఒక్క ప్రశ్నే మమ్మల్ని చెమట పరీక్ష దాకా తీసుకెళ్లింది. మన ఎండల్లో ఈ జబ్బు ఇలా లవణాలు పడిపోవడంతో బయటపడడం మామూలేనని తర్వాత తెలిసింది.

చెమట పరీక్షకి సూది పోటు లేదు. ముంజేతి మీద పైలోకార్పిన్ మందు పెట్టి, చాలా తక్కువ కరెంటు పంపి చెమట పట్టిస్తారు. ఆ చెమటలో క్లోరైడు ఎంతుందో కొలుస్తారు. లీటరుకి 60 మిల్లీమోల్స్ గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే సీఎఫ్ వైపు చూపుతుంది. 30 కంటే తక్కువుంటే దాదాపు కాదనుకోవచ్చు. మధ్యలో వస్తే మళ్లీ చేస్తారు, జన్యుపరీక్ష కూడా చేస్తారు. ఈ పరీక్ష రోజూ చేసే చోట చేయించుకోండి. ఎప్పుడో ఒకసారి చేసేచోట చెమట చాలినంత పట్టకపోతే ఫలితం నమ్మడానికి లేదు. మేం వెల్లూరు సీఎంసీకి వెళ్లాం. శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కాట్పాడిలో దిగొచ్చు, అక్కణ్ణుంచి ఆటోలో ఆస్పత్రికి. మనవైపు జనం అక్కడ ఎప్పుడూ ఉంటారు కాబట్టి భాషకి బెంగ లేదు.

ఇక అసలు సంగతి. జబ్బు తేలకముందు మా ఇంట్లో మెషీన్ లేకపోలేదు. ఒక చిన్న కంప్రెసర్, దాంతోపాటు వచ్చిన పల్చటి ప్లాస్టిక్ కప్పు, మాస్కు ఉండేవి. కంపెనీ పేరు అనవసరం, అలాంటివి అన్ని షాపుల్లోనూ ఉంటాయి. ఫిజియోథెరపీ చూసే అమ్మాయి మొదటిరోజే, "మీ ఇంట్లో మెషీన్ తెచ్చారా? పెట్టి చూపించండి" అంది. పిల్ల ముఖానికి మాస్కు కాస్త ఎడంగా పట్టుకుని పెట్టాను, అందరిళ్లలో పెట్టేదీ అలాగే. ఆ అమ్మాయి మాస్కు అంచులోంచి పక్కకి పోతున్న పొగమంచుని వేలితో చూపించింది. "మందంతా ఇక్కడుంది చూడండక్కా, లోపలికి పోయింది తక్కువ" అంది. పిల్ల ఏడుస్తుంటే ఇంకా తక్కువ వెళ్తుందట. ముక్కుతో పీలిస్తే ముక్కే కొంత వడకట్టేస్తుంది. నాలుగేళ్లు దాటి, నోటితో పీల్చగలిగే పిల్లలకి మౌత్‌పీస్ ఇవ్వాలని, కప్పు మార్చమని ఎల్‌సీ స్ప్రింట్ పేరు రాసిచ్చారు.

ఇంట్లో వాడే మెషీన్ తెప్పించి చూసే ఆస్పత్రి మంచిదని అప్పుడే నాకు అనిపించింది. ఇప్పటికీ ఎవరైనా ఫోన్ చేసి "ఏ డాక్టరు మంచివాడక్కా?" అని అడిగితే పేర్లకంటే ముందు కొన్ని ప్రశ్నలు చెబుతాను. వెళ్లిన ప్రతిసారీ ఎత్తూ బరువూ చూసి గీతల కాగితం మీద గుర్తు పెడుతున్నారా? దగ్గు ఉన్నా లేకపోయినా గొంతులోంచి గానీ తెమడ గానీ తీసి, ఏ క్రిమి ఉందో చూసే కల్చర్‌కి పంపుతున్నారా? మీ చేత ఫిజియో చేయించి చూస్తున్నారా? అయిదారేళ్లు దాటిన పిల్లల చేత స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల బలం చూసే పరీక్ష) ఊదిస్తున్నారా? ఒక సీఎఫ్ పిల్లని ఇంకో సీఎఫ్ పిల్ల పక్కన కూర్చోనివ్వకుండా చూస్తున్నారా? ఇవన్నీ మూడు నెలలకోసారి జరుగుతుంటే ఆ చోటు మంచిదే. మందులచీటీ ఎంత పొడుగుందన్నది లెక్కలోకి రాదు.

ఎల్‌సీ స్ప్రింట్ అంటే మెషీన్ మొత్తం కాదు, మందు పోసే కప్పు. చేసేది జర్మనీ కంపెనీ. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి కప్పులో సన్నటి రంధ్రంలోంచి దూసుకొస్తూ మందుని పైకి లాగి తుంపరగా చేస్తుంది. ఆ తుంపర 5 మైక్రాన్ల లోపు ఉంటేనే ఊపిరితిత్తుల్లో లోపలి గొట్టాల దాకా వెళ్తుంది. పెద్ద చుక్కలైతే గొంతులోనే ఆగిపోతాయి. ఇంతవరకూ ఏ కప్పుకైనా సూత్రం ఇదే. ఇందులో ఎక్కువున్నది ఏమిటంటే, పిల్ల గాలి పీల్చినప్పుడు పైనున్న వాల్వ్ తెరుచుకుని తుంపర ఎక్కువగా వస్తుంది. వదిలినప్పుడు ఆ దారి మూసుకుని, ఊపిరి మౌత్‌పీస్ మీదున్న చిన్న రెక్కలోంచి బయటికి పోతుంది. అంటే వదిలేటప్పుడు మందు వృథా అయ్యేది తగ్గుతుంది. మా పాప ఊపిరి వదిలిన ప్రతిసారీ ఆ రెక్క కదలడం చూస్తూ కూర్చుంటుంది. రెక్క కదలకపోతే "అమ్మా, నేను ముక్కుతో వదులుతున్నా" అని తనే చెబుతుంది. నేను పక్కన నిలబడి కేకలేసే పని తప్పింది.

లోపల రంగు ముక్క ఒకటుంటుంది, దాన్ని నాజిల్ ఇన్‌సర్ట్ అంటారు. నీలం, పసుపు, ఎరుపు రంగుల్లో వస్తుంది. నీలంది మామూలు వాడకానికి, పసుపుది చిన్నపిల్లలకి, ఎరుపుది ఇంకా సన్నటి తుంపర కావాల్సినప్పుడు. చూడ్డానికి మూడూ ఒకటే, తుంపర సైజు మాత్రం వేరు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు చాలామంది దీన్ని చూడరు. మా పాపకి మొదట పసుపు రాశారు, ఇప్పుడు నీలం వాడుతున్నాం. మీ పిల్లకి ఏది కావాలో చీటీ మీద రాయించుకోండి.

ఇంకో సంగతి, కప్పు ఒక్కటే మంచిది కొని, గాలి చాలని కంప్రెసర్‌కి తగిలిస్తే డబ్బు దండగ. తుంపర పెద్ద చుక్కలైపోతుంది, టైము కూడా రెట్టింపవుతుంది. ఈ కప్పుకి సరిపడే కంప్రెసర్ ఏదో కనుక్కుని రెండూ కలిపి తీసుకోండి. మా తమ్ముడు అమెరికాలో ఉంటాడు. "సెట్టు మొత్తం పంపిస్తా అక్కా" అన్నాడు. కప్పులు పంపు, కంప్రెసర్ వద్దు అన్నాను. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. తెలియక ప్లగ్గులో పెట్టేస్తే కాలిపోతుంది.

ఏ కంప్రెసర్‌కైనా శబ్దం తప్పదు. పాప టీవీ వినపడటం లేదని గోల చేస్తుంది. నేలమీద మడిచిన దుప్పటి వేసి పెడితే కాస్త తగ్గుతుంది గానీ, గాలి లాగే కన్నాలు మూసుకుపోకుండా చూడాలి. హైపర్‌టానిక్ సెలైన్ (ఉప్పు ఎక్కువున్న సెలైన్) 4 మిల్లీలీటర్లు అయ్యేసరికి పది నిమిషాలు దాటుతుంది. కప్పు చిటపటమంటే అయిపోయినట్టు. అడుగున కొంచెం మందు మిగలడం మామూలే, మళ్లీ మళ్లీ కుదిపి లాగించక్కర్లేదు.

ఈ సెలైన్ గురించి ఒక మాట చెప్పాలి. మామూలు సెలైన్‌లో ఉప్పు 0.9 శాతం. మా పాపకి 3 శాతంతో మొదలుపెట్టి 7 శాతానికి వెళ్లాం. ఆ ఉప్పు ఊపిరితిత్తుల్లోకి నీటిని లాగి తెమడని వదులు చేస్తుంది. ఆస్ట్రేలియాలో సీఎఫ్ ఉండి సముద్రంలో సర్ఫింగ్ చేసేవాళ్ల ఊపిరితిత్తులు మిగతావాళ్లకంటే బాగున్నాయని డాక్టర్లు గమనించారు. అక్కణ్ణుంచి పరిశోధన సాగి, 2006లో పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ఆ సంగతి విని మా ఆయన "అయితే రోజూ కొత్తపట్నం తీసుకుపోదామా" అన్నాడు. సముద్రపు నీళ్లలో ఉప్పు 3.5 శాతం దాకా ఉంటుంది, మేం పెట్టే మందులో దానికి రెట్టింపు. పైగా మందు శుభ్రంగా సీలు వేసి వస్తుంది. ఇంట్లో ఉప్పు కలిపి ఎప్పుడూ పెట్టకండి. 7 శాతం ఘాటుగా ఉంటుంది, ఛాతీ బిగుసుకుపోవచ్చు. అందుకే ముందుగా ఊపిరిగొట్టాలు వదులుచేసే సాల్‌బుటమాల్ పఫ్‌లు ఇస్తాం. మొదటిసారి ఆస్పత్రిలోనే పెట్టి, ముందూ వెనకా ఊదించి చూస్తారు.

మా వరస ఇదీ: సాల్‌బుటమాల్, తర్వాత సెలైన్, తర్వాత ఫిజియో, ఆఖర్న యాంటీబయాటిక్ ఏదైనా ఉంటే అది. తెమడ బయటికి పోయాక యాంటీబయాటిక్ పీలిస్తే లోపలికంటా వెళ్తుంది. సూడోమోనాస్ అనే క్రిమి వచ్చినప్పుడు టోబ్రామైసిన్ 300 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, 28 రోజులు పెట్టాం. డార్నేజ్ ఆల్ఫా అనే ఇంకో మందు ఉంది, తెమడని పల్చన చేస్తుంది. దాన్ని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెలుతురు తగలకుండా ఉంచాలి. ఇంకే మందుతోనూ ఒకే కప్పులో కలపకూడదు. టైము కలిసొస్తుందని రెండు మందులు కలిపి పోసేవాళ్లున్నారు, డాక్టరు చెప్పకుండా అలా చేయొద్దు.

ఇప్పుడు శుభ్రం. ఈ రివ్యూలో మిగతాదంతా మర్చిపోయినా ఇది మాత్రం గుర్తుంచుకోండి. సీఎఫ్ పిల్లకి తడికప్పు ప్రమాదం. సూడోమోనాస్‌కి తడి ఉన్న చోటల్లా ఇల్లే. కుళాయి నీళ్లు, వంటింటి సింకు, బకెట్టు అడుగు, ఎక్కడైనా ఉంటుంది. మనకి ఏమీ కాదు గానీ, ఈ పిల్లల ఊపిరితిత్తుల్లో ఒకసారి పాతుకుంటే వదిలించడం కష్టం.

ఎల్‌సీ స్ప్రింట్‌ని చేత్తోనే విప్పొచ్చు. అడుగు కప్పు, లోపలి రంగు ముక్క, పైమూత, మౌత్‌పీస్ అన్నీ విడివిడిగా వచ్చేస్తాయి, మూలల్లో మందు ఇరుక్కుని ఉండదు. పాత కప్పు కంటే ఇది నాకు నచ్చడానికి సగం కారణం ఇదే. ప్రతిసారీ అవ్వగానే విప్పి, దీనికోసమే కేటాయించిన గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కడుగుతాను. సింకులో పెట్టను. తర్వాత ఒక లోతు స్టీలు గిన్నెలో నీళ్లు తెర్లుతుండగా వేసి 5 నిమిషాలు ఉడకనిస్తాను. నీళ్లు తక్కువైతే ప్లాస్టిక్ అడుక్కి తగిలి వంకరపోతుంది, నిండుగా పోయాలి. మా బోరు నీళ్లు చౌడు, ఉడికిస్తే ముక్కల మీద తెల్లటి పొర కడుతుంది. అందుకని ఉడికించడానికి ఫిల్టరు నీళ్లే వాడతాను. ఫిల్టరు నీళ్లే కదా అని ఉడికించకుండా వదిలేయడానికి లేదు, వాటిలోనూ క్రిములుంటాయి. రంధ్రంలో పొర అడ్డుపడితే పిన్నీసుతో పొడవకండి. రంధ్రం ఒక్క వెంట్రుకవాసి పెద్దదైనా తుంపర సైజు మారిపోతుంది.

ఉడికాక చేతులు కడుక్కుని, పటకారుతో తీసి, పోగులు రాలని ఉతికిన తువ్వాలు మీద పరిచి ఆరనిస్తాను. బట్టతో లోపల తుడవను. చుక్క తడి లేకుండా ఆరాకే మూత ఉన్న డబ్బాలో పెడతాను. సరిగా ఆరకుండా మూత పెడితే ఉడికించిన ఫలితం పోతుంది. ట్యూబుని నేను ఉడికించను, లోపల ఆవిరి కనపడితే కప్పు తీసేసి ఉత్త గాలి కాసేపు పోనిస్తే ఆరిపోతుంది. పాలసీసాల స్టీమ్ స్టెరిలైజర్ ఉన్నవాళ్లు అందులో పెట్టుకోవచ్చు, దానంతటదే ఆగిపోతుంది కాబట్టి పొయ్యి దగ్గర కాపలా తప్పుతుంది. వెనిగర్‌లో నానబెట్టమని యూట్యూబులో చెబుతుంటారు, మన పిల్లలకి అది చాలదు.

రోజుకి రెండుసార్లు ఈ పని చేయడానికి రెండు కప్పులు ఉండాలి, ఒకటి ఆరుతుంటే ఇంకోటి వాడుకోవడానికి. యాంటీబయాటిక్‌కి మరోటి విడిగా ఉంచుకోవాలి. ఎల్‌సీ స్ప్రింట్ 300 సార్లు శుద్ధిచేసేదాకా, లేదా ఏడాది దాకా మన్నుతుందని కంపెనీ లెక్క. పూటకొకటి మార్చి వాడితే రెండూ ఏడాది లోపే మార్చాల్సొస్తుంది. ఖరీదు మామూలు కప్పుకంటే బాగా ఎక్కువ, మా ఊరి షాపుల్లో అడిగితే పేరే వినలేదన్నారు. మేం తెప్పించుకునేటప్పుడే అదనంగా పెట్టుకుంటాం. వాడిన కప్పులు తక్కువలో ఇస్తామంటే ఎంత దగ్గరవాళ్లిచ్చినా తీసుకోకండి. ఇంకో సీఎఫ్ పిల్లది అయితే అసలు ముట్టుకోవద్దు.

ఆ మాటొస్తే ఈ జబ్బులో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది అదే. సీఎఫ్ ఉన్న పిల్లలిద్దరు ఒకచోట ఆడుకోకూడదు. కనీసం 2 మీటర్ల ఎడం ఉండాలి, ఒకరి క్రిమి ఇంకొకరికి అంటుకుంటే ఇద్దరికీ నష్టం. రాజమండ్రిలో ఇదే జబ్బున్న పాప ఒకతె ఉంది. ఇద్దరూ సాయంత్రం వీడియో కాల్ పెట్టుకుని, ఎదురెదురుగా కప్పులు నోట్లో పెట్టుకుని కూర్చుంటారు. మాట్లాడటానికి వీల్లేదు కాబట్టి చేత్తో సైగలు. ఎవరి కప్పు ముందు చిటపటమంటే వాళ్లు గెలిచినట్టు. నేను చెప్పి చేయించగలిగిన దానికంటే ఆ పిల్ల చూస్తోందంటే బుద్ధిగా చేస్తుంది.

ప్రయాణాలకి సన్నటి జాలీలోంచి తుంపర తీసే బ్యాటరీ మెష్ నెబ్యులైజర్ ఒకటి కొన్నాం. అరచేతిలో పడుతుంది, శబ్దం లేదు. రైల్లో అదే దిక్కు. బోగీలో ఫోన్ ఛార్జింగ్ ప్లగ్గులో కంప్రెసర్ పెట్టొద్దు, అది అందుకోసం కాదు. కానీ మామూలు మెష్ జాలీ చాలా సున్నితం, ఉప్పు ఎక్కువున్న సెలైన్‌కి మూసుకుపోతుంది. ఏ మందుని ఏ మెషీన్‌లో పెట్టొచ్చో కూడా మందుని బట్టి ఉంటుంది. రోజువారీ పనికి కంప్రెసరూ ఎల్‌సీ స్ప్రింటే నాకు నమ్మకం.

నెబ్యులైజర్ ఎంత మంచిదైనా తెమడని వదులు మాత్రమే చేస్తుంది, బయటికి తెచ్చేది ఫిజియో. దోసిలిలాగా వంచిన అరచేత్తో వీపు మీద తట్టడం మాకు మొదట నేర్పింది. చప్పుడు బోలుగా రావాలి, చెంపదెబ్బ చప్పుడు రాకూడదు. మా అత్తయ్య చేతికి అది నాకంటే బాగా పట్టుబడింది. పిల్ల పెద్దదయ్యాక హఫ్ నేర్పారు. అద్దం ముందు నిలబెట్టి, నోరు గుండ్రంగా తెరిచి, లోపల్నుంచి "హా" అని ఊది అద్దం మీద ఆవిరి పట్టించమన్నారు. దగ్గి దగ్గి అలిసిపోయే పిల్ల మూడు నాలుగు హఫ్‌లతో తెమడని గొంతులోకి తెచ్చుకుంటోంది. నీళ్లసీసాలో ట్యూబు పెట్టి బుడగలు ఊదించడం ఇంకొకటి, చిన్నపిల్లలకి అది ఆట కూడా. ఇదంతా అన్నానికి ముందు చేయాలి, తిన్నాక చేస్తే వాంతి అవుతుంది.

తిండి సంగతి ఈ రివ్యూలో రాయకూడదేమో గానీ వదల్లేకపోతున్నాను. చుట్టాలంతా "దగ్గుతున్న పిల్లకి నెయ్యా? ఆవకాయా?" అంటారు. ఈ పిల్లలకి నెయ్యీ కావాలి, ఉప్పూ కావాలి. ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, అప్పడం మా పాపకి మందుతో సమానమని డైటీషియనే చెప్పింది. ఎండాకాలం ఓఆర్‌ఎస్ సీసా బడికి కూడా వెళ్తుంది. అన్నం మొదలుపెట్టేటప్పుడే ఎంజైము క్యాప్సూల్ పడాలి. చిన్నప్పుడు విప్పి లోపలి పూసలు ఆపిల్ గుజ్జులో కలిపి పెట్టేవాళ్లం, నమలకుండా మింగించి నీళ్లు తాగించేవాళ్లం. నమిలితే పైపూత పోయి నోరు పూస్తుంది, కడుపులో పని కూడా చేయదు. మోతాదు బరువుని బట్టి ఉంటుంది, కిలోకి రోజుకి 10,000 యూనిట్ల లైపేజ్ (కొవ్వుని అరిగించే ఎంజైము) దాటకూడదు. ఎండాకాలం ఆ డబ్బాని వంటింట్లో పెట్టకండి, వేడికి మందు పాడవుతుంది.

అందరూ అడిగే కొత్త మందు ట్రైకాఫ్టా. 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది, 2023లో రెండేళ్ల పిల్లల దాకా ఇచ్చారు. జబ్బు మూలంలోనే పనిచేసే మందు. ఏడాదికి మూడు లక్షల డాలర్లకి పైనే ఖరీదు. జన్యువులో ఎఫ్508డెల్ అనే మార్పు ఒక్కటున్నా పనిచేస్తుంది, కానీ యూరప్‌తో పోలిస్తే మన దేశంలో ఆ మార్పు తక్కువ మందిలో కనపడుతుంది. కాబట్టి జన్యుపరీక్ష చేయించి ఆ కాగితం జాగ్రత్తగా పెట్టుకోండి, రేపు ఏ మందు అందుబాటులోకి వచ్చినా ముందు అడిగేది అదే. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో సీఎఫ్ ఉంది. మన రెండు రాష్ట్రాలకి దగ్గరలో ఆ విధానం కింద హైదరాబాద్ నిమ్స్, సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరిశోధన సంస్థ) కలిసి కేంద్రంగా ఉన్నాయి, అక్కడ పేరు నమోదు చేయించండి. ఉత్తరాదిలో ఉన్నవాళ్లకి ఢిల్లీ ఎయిమ్స్‌లో పిల్లల సీఎఫ్ క్లినిక్ ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది.

దూరంగా పెద్దాస్పత్రి ఎంత మంచిదైనా, ఊళ్లో ఒక పిల్లల డాక్టరు తోడు లేకపోతే కష్టం. మా డాక్టరుగారు ఈ జబ్బు పెద్దగా చూసినవారు కాదు. ఆ సంగతి ఆయనే చెప్పారు. చెప్పి, మా ఫైలు తీసుకుని చదివారు. దగ్గు పెరిగి ఫోన్ చేస్తే యాంటీబయాటిక్ రాసేముందు పాత కల్చర్ రిపోర్టు చూస్తారు, అనుమానముంటే వెల్లూరుకి ఫోన్ చేసి కనుక్కుంటారు. అలాంటివారు ఒక్కరు దొరికినా వదలకండి.

నెబ్యులైజర్‌కి వస్తే, రోజూ వాడేవాళ్లకి ఎల్‌సీ స్ప్రింట్ తీసుకోమని నిస్సందేహంగా చెబుతాను. నాలుగేళ్లలోపు పిల్లలకి మౌత్‌పీస్ కుదరదు, ముఖానికి బాగా అతుక్కునే మెత్తటి మాస్కు కూడా కలిపి తీసుకోండి, పెట్టాక ముఖం కడగండి. ఆర్డరు పెట్టేటప్పుడు ఇన్‌సర్ట్ రంగు, ట్యూబు మీ కంప్రెసర్‌కి సరిపోతుందా లేదా, ఈ రెండూ అడిగి రాయించుకోండి. కంప్రెసర్ ఫిల్టరు అదనంగా రెండు తెప్పించుకోండి. అది చాలా చిన్న ముక్క, బూడిదరంగుకి తిరగ్గానే మార్చాలి, కడిగి వాడేది కాదు. ఇది దొరకని ఊళ్లో ఉన్నవాళ్లెవరైనా ఉంటే మేం తెప్పించుకునేటప్పుడు కలిపి తెప్పిస్తాను, కింద అడగండి.